పేరు పెట్టలేని బాధ

జుమా నమాజుకు ఆయన మసీదులో ఎప్పుడూ చివరి వరుసలో, తలుపు పక్కనే నిలబడతాడు. ఖుత్బా మొదలయ్యాక వస్తాడు, ఇమాం సలాం తిప్పగానే వెళ్లిపోతాడు. కొన్ని వారాలు అసలు రాడు. వచ్చిన రోజున కూడా మధ్యలో వరుస విడిచి బయటికి నడిచిన సందర్భాలున్నాయి. "దీన్ మీద శ్రద్ధ తగ్గింది" అంటారు ఒకరు. "మనిషే అంత, ఎవరితోనూ కలవడు" అంటారు ఇంకొకరు. ఆయన ఏ సమాధానమూ చెప్పడు. చెప్పకూడదని కాదు. ఏం చెప్పాలో ఆయనకే తెలియదు.

ఈయన ఫలానా అని పాఠకులు వెదకనక్కర లేదు. వైద్యులు వర్ణించే లక్షణాలను ఒక మనిషిలో కూర్చి, ఆ మనిషిని దమ్మపేటలో నిలబెట్టి చూస్తున్నాం, అంతే. దమ్మపేట ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క అడవి, కోయ గూడేలు. మరో పక్క పామాయిల్ తోటలు. చిన్న జబ్బుకు అశ్వారావుపేటో సత్తుపల్లో, పెద్ద జబ్బుకు ఖమ్మమో కొత్తగూడెమో బస్సెక్కాలి. మన మనిషి పామాయిల్ గెలల లోడు లెక్క రాసుకునే గుమాస్తా అనుకుందాం. వయసు 35. ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి.

రెండేళ్లుగా కడుపు బాగుండడం లేదు. ఫజ్ర్ అజాన్‌కు ముందే నిద్ర లేపి పరుగెత్తిస్తుంది. రోజుకు ఎనిమిదిసార్లు, పదిసార్లు. జిగురు, అప్పుడప్పుడు రక్తం. వెళ్లివచ్చినా ఇంకా వెళ్లాలనే అనిపిస్తుంది. ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరు అమీబియాసిస్ అని మాత్రలిచ్చాడు. నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మామూలే. రక్తం సంగతి విని మొలలన్నారు ఒకరు. గర్మీ చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది తల్లి. ప్యాంటు నడుము దగ్గర రెండు అంగుళాలు వదులైంది. ఖమ్మం బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినడు.

ఈ మధ్యనే తండ్రి చనిపోయాడు. ఆయన ఏడవలేదు. కఫన్ గుడ్డ తెచ్చాడు, ఖబరు తవ్వేవారికి కబురు చేశాడు, బంధువులకు ఫోన్లు చేశాడు, జనాజా మోశాడు. "రాతి గుండె" అనుకున్నారు చూసినవాళ్లు. మూడోనాటి నుంచి కడుపు పూర్తిగా అదుపు తప్పింది.

"బాధగా ఉందా?" అని అడిగింది భార్య.

"కడుపులో బాగాలేదు."

"అది కాదండీ, అబ్బా పోయినందుకు..."

"ఏమో. తెలీదు."

ఆ 'తెలీదు' అబద్ధం కాదు. మొండితనమూ కాదు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

పేగులో పుండు

ముందుగా కడుపు సంగతి చూద్దాం. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం, జిగురు కారే దీర్ఘవ్యాధిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లోనే దీన్ని గుర్తించి రాశాడు. దీనికి తోబుట్టువు వంటిది క్రోన్స్ వ్యాధి. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాకవచ్చు. 1932లో న్యూయార్క్‌లో క్రోన్, ఆయన సహచరులు దాన్ని వర్ణించారు. రెండింటినీ కలిపి డాక్టర్లు ఐ.బి.డి. అంటారు. శత్రువుల నుంచి కాపాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత పేగునే గాయపరుస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఆయన తిన్న పళ్లెంలో పిల్లలు తిన్నా వారికేమీ కాదు. కారం తిన్నందువల్ల వచ్చేదీ కాదు, అయితే పుండు రేగి ఉన్నప్పుడు కారం బాధపెడుతుంది.

ఇది తెల్లవారి జబ్బు, లేదంటే పట్నంవారి జబ్బు అన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెల్లో పరిశీలన జరిపి 2023లో ఫలితాలు ప్రచురించారు. కడుపు ఇబ్బందులతో పరీక్షకు వచ్చినవారిలో ఈ జబ్బు బయటపడిన వారి పాలు పట్నంలోనూ పల్లెలోనూ ఇంచుమించు ఒకటిగానే, నూటికి అయిదు ప్రాంతంలో, ఉన్నట్టు తేలింది. కనుక దమ్మపేటలో ఇది ఎందుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. పల్లెలో ఉండే తేడా ఒక్కటే, ఆలస్యం.

ఆ ఆలస్యానికి కారణాలున్నాయి. మన ప్రాంతంలో రక్త విరేచనాలంటే ముందు గుర్తొచ్చేది జిగట విరేచనాలు. క్రోన్స్‌కూ పేగు క్షయకూ పోలిక ఎంత దగ్గరంటే, పెద్ద డాక్టర్లు సైతం కొన్నిసార్లు ముందు టి.బి. మందులిచ్చి చూడవలసి వస్తుంది. కాని మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం కొలిస్తే పేగులో వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. కొలనోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు పేరు చెప్పగలుగుతారు. నెల దాటి విరేచనాలు, రక్తం, రాత్రి నిద్రలో లేవడం, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నవారు ఈ పరీక్షల దాకా వెళ్లక తప్పదు.

మందుతో ఈ జబ్బు వేళ్లతో సహా పోదు, కాని అణిగి ఉంటుంది. మెసలమిన్ మాత్రలు, అవసరమైతే కొద్దికాలం స్టెరాయిడ్లు, అజథయోప్రిన్, ఇంకా తీవ్రమైతే బయొలాజిక్ ఇంజెక్షన్లు. ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తూ, పిల్లల పెళ్లిళ్లు చేస్తూ బతుకుతున్నవారు ఎందరో. తగ్గింది కదా అని మాత్రలు మానేయడం, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కు మింగడం, ఈ రెండూ అణిగిన జబ్బును మళ్లీ లేపవచ్చు. తేనె గురించిన హదీసు చూపించి మందులు మాన్పించేవారు కూడా కనిపిస్తారు. వ్యాధి వస్తే చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించిన విషయం వారెందుకు మరిచిపోతారో అర్థం కాదు.

ఇక ఆ 'తెలీదు'

1973లో అమెరికాలోని బోస్టన్‌లో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు గ్రీకు మాటలు కలిపి ఒక పేరు పెట్టాడు: అలెక్సిథీమియా. మనోభావానికి మాట లేకపోవడం అని దాని అర్థం. ఆయన, ఆయన సహచరుడు నెమయా తమ రోగులలో కొందరిని గమనించారు. వారు కడుపునొప్పి ఎప్పుడొచ్చిందో, ఎన్ని గంటలుందో, ఏ బస్సులో వచ్చారో పూసగుచ్చినట్టు చెబుతారు. "అప్పుడు మీకేమనిపించింది?" అని అడిగితే ఆగిపోతారు.

వీరికి మనసు లేదని కాదు. దుఃఖం వస్తుంది, భయం వస్తుంది, కోపం వస్తుంది. గుండె కొట్టుకుంటుంది, దవడ బిగుసుకుంటుంది, చేతులు చల్లబడతాయి. కాని అది దుఃఖమా భయమా అన్నది తేలదు. ఉత్తరం వచ్చింది కాని పైన చిరునామా లేదు అన్నట్టు. ఇతరుల ముఖం చూసి వారి మనసు పసిగట్టడం కూడా వీరిలో కొందరికి కష్టమే. భార్య అలిగితే రెండు రోజుల తర్వాత ఇంకెవరో చెబితే తెలుస్తుంది. ఇది వైద్యుల జాబితాలో విడిగా ఒక రోగం కాదు, మనిషి స్వభావంలోని ఒక లక్షణం. జనంలో సుమారు నూటికి పదిమందిలో ఎంతో కొంత ఎక్కువగా ఉంటుందని అంచనా. 1994లో టొరంటో పరిశోధకులు 20 ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేశారు. ప్రపంచమంతటా ఇప్పుడు వాడుతున్నది ఎక్కువగా దానినే.

పేగు వాపు ఉన్నవారిలో ఈ లక్షణం ఆరోగ్యవంతులలో కంటే చాలా ఎక్కువగా ఉన్నట్టు 1995లో ఇటలీ వైద్యులు ప్రచురించారు. ఇక్కడ జాగ్రత్తగా అడుగెయ్యాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చికాగోకు చెందిన ఫ్రాన్జ్ అలెగ్జాండర్ వంటి పేరున్న మానసిక వైద్యులు కొలైటిస్‌ను మనసులోని సంఘర్షణ వల్ల పుట్టే జబ్బుల లెక్కలో వేశారు. ఆ వాదం నిలవలేదు. ఆ కాలంలో ఎందరు రోగులు "నీ జబ్బు నువ్వే తెచ్చుకున్నావు" అన్న నిందను మోశారో! మన ఇళ్లలో ఇప్పటికీ అదే మాట వేరే రూపంలో వినబడుతుంది. "లోపల పెట్టుకుని కుమిలిపోయాడు, అందుకే పేగు పుండైంది" అని. ఇది నిజం కాదు. మనోవేదన ఉన్న జబ్బును రేపగలదు, బాధను పెంచగలదు. లేని జబ్బును పుట్టించదు. పైగా ఏళ్ల తరబడి రోగంతో, సిగ్గుతో, మరుగుదొడ్డి ఎక్కడుందో వెదుక్కుంటూ బతికినవాడు తన మనసు వంక చూడడం మానేసి ఉండవచ్చు కూడా. ఏది ముందో ఏది వెనకో ఒక్కొక్క మనిషిలో ఒక్కొక్క తీరు.

మన తెలుగు భాషలో ఒక చిత్రముంది. మనోభావాలన్నిటికీ చోటు కడుపే. జాలి వేస్తే కడుపు తరుక్కుపోతుంది. ఓర్వలేకపోతే కడుపుమంట. బిడ్డ పోతే కడుపుకోత. తప్పును క్షమించమంటే కడుపులో పెట్టుకోమంటాం. రక్తసంబంధానికి పేగుబంధమని పేరు. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో "దిల్ ఘబ్రారా" అంటే అది భయమూ కావచ్చు, గుండెదడా కావచ్చు, వాంతి వచ్చేలా ఉండడమూ కావచ్చు. మామూలు మనిషికి ఇవి జాతీయాలు. మన గుమాస్తాకు మాత్రం కడుపు నిజంగానే తరుక్కుపోతోంది, నిజంగానే మండుతోంది. తండ్రి పోయిన దుఃఖం కూడా అదే చోట, అదే నొప్పిగా వస్తే, ఏది పుండు బాధో ఏది కొడుకు బాధో ఆయన ఎలా విడదీస్తాడు?

నాడి పట్టిన హకీం

ఇబ్నె సీనా పేరు మన ఇళ్లకు కొత్త కాదు. క్రీ.శ. 980లో బుఖారా దగ్గర పుట్టి, 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' రచించి, ఆరేడు శతాబ్దాల పాటు తూర్పు పడమరలకు వైద్యం నేర్పిన మహనీయుడు. 12వ శతాబ్దానికి చెందిన నిజామీ అరూజీ తన 'చహార్ మఖాలా'లో ఆయన గురించి ఒక కథ చెప్పాడు. గుర్గాన్ పాలకుడు ఖాబూస్ బంధువుల యువకుడొకడు మంచం పట్టాడు. ఏమైందంటే చెప్పడు. ఏ వైద్యునికీ అంతు చిక్కలేదు. ఇబ్నె సీనా వచ్చి, యువకుని నాడి మీద వేళ్లుంచి కూర్చుని, ఊరంతా తెలిసిన ఒక మనిషిని పిలిపించాడు. ఊళ్లోని పేటల పేర్లు ఒక్కొక్కటే చెప్పమన్నాడు. ఒక పేట పేరు దగ్గర నాడి తడబడింది. ఆ పేటలోని వీధుల పేర్లు చెప్పించాడు. ఒక వీధి దగ్గర మళ్లీ తడబడింది. ఆ తర్వాత ఇళ్లు, ఆ తర్వాత ఇంట్లోవారి పేర్లు. ఒక పేరు దగ్గర జబ్బు బయటపడింది. అది ప్రేమ.

ఇబ్నె సీనా గుర్గాన్ చేరేనాటికే ఖాబూస్ మరణించాడని చరిత్రకారులంటారు గనుక, కథలో అలంకారం పాలు ఉండే ఉంటుంది. కాని పద్ధతి కల్పన కాదు. 'ఖానూన్'లో ప్రేమవ్యాధి ప్రకరణంలో ఆయన స్వయంగా దాన్ని వివరించాడు. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, హకీం ఆ యువకుణ్ణి "నీకేమనిపిస్తోంది?" అని అడగలేదు. పేర్లు ఒక్కొక్కటే ముందు పెట్టి, శరీరం ఏ పేరుకు పలుకుతుందో చూశాడు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఇబ్నె సీనా ప్రాణం తీసింది కడుపు జబ్బే. ఖూలంజ్ అనే ఆ పేగునొప్పి గురించి ఫర్దజాన్ కోటలో ఖైదీగా ఉండగా ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. చివరి సంవత్సరాల్లో అది ఆయననే పట్టుకుంది. తన పాలకుడు అలా ఉద్దౌలా సైన్యంతో కదిలిపోతుంటే తాను వెనకబడిపోతానేమోనన్న తొందరలో ఒకే రోజున ఎనిమిదిసార్లు ఎనిమా చేయించుకున్నాడని, దానితో పేగు ఒరిసి పుండు పడిందని శిష్యుడు జూజ్జానీ రాసిపెట్టాడు. 1037లో హమదాన్‌లో కన్నుమూశాడు. ఆయనది ఇప్పటి ఏ జబ్బో మనం తేల్చబోవడం తగదు. కాని మరొకరి నాడిలో ప్రేమను చదివిన మనిషి తన కడుపు ఆగమంటుంటే ఆగలేదు.

ఇబ్నె సీనా కంటే ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒకే గ్రంథంలో ఒక భాగం శరీరానికీ మరో భాగం మనసుకూ కేటాయించి, కోపం, భయం, దుఃఖం, వస్‌వాస్‌లను విడివిడిగా చర్చించాడు. శరీరం నొచ్చితే మనసు, మనసు నొచ్చితే శరీరం నొచ్చుకుంటాయని రాశాడు. దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరా చదివినవారికి యాఖూబ్ (అ) ఉదంతం తెలుసు. దుఃఖాన్ని లోలోపలే దిగమింగుకున్న ఆ తండ్రికి కన్నులు తెల్లబడిపోయాయి. చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్న సంగతి కూడా విదితమే. ఒకరికి కంట నీరుగా, మరొకరికి కంటి చూపు పోవడంగా వచ్చిన శోకం ఇంకొకరికి ఇంకో తీరుగా రావచ్చు. జనాజాలో కన్నీళ్లు చూసి కొడుకుల ప్రేమను తూచడం మన అలవాటు. ఆ తక్కెడ సరైనది కాదు.

ఇంట్లో ఏం చెయ్యాలి?

ఆ ఇల్లాలు "బాధగా ఉందా?" అని వందసార్లు అడిగినా "ఏమో" తప్ప రాదు. అడిగే తీరు మారాలి. హకీం చేసినట్టు పేర్లు ముందు పెట్టాలి. మొదట శరీరం గురించి అడగాలి. ఎక్కడుంది, బొడ్డు కిందనా, ఛాతీలోనా, గొంతులోనా? బాత్‌రూముకు వెళ్లొస్తే తగ్గిందా, వెళ్లొచ్చినా అలాగే ఉందా? తగ్గితే అది చాలావరకు పేగు సంగతి. తగ్గకుండా ఛాతీలో బరువుగా ఉండిపోతే రెండు మూడు మాటలు ఇచ్చి చూడాలి. ఇది భయం లాంటిదా, దిగులు లాంటిదా, కోపం లాంటిదా? తప్పు చెప్పినా ఫరవాలేదు. తండ్రి కుర్చీ, తండ్రి సైకిలు, తండ్రి చేయించే కూర అంటూ పేర్లు చెప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆయన ముఖం మారుతుంది. "ఇదిగో, ఇది దుఃఖం" అని అక్కడ చెప్పవచ్చు. పిల్లలకు రంగుల పేర్లు నేర్పినట్టే. 35 ఏళ్ల మనిషికి ఇదేమి చదువు అని నవ్వేవారు నవ్వుతారు.

ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. గుమాస్తాకు లెక్క రాయడం ఎటూ అలవాటే. తేదీ, ఎన్నిసార్లు, రక్తం ఉందా లేదా, రాత్రి లేచాడా, ఎంత నిద్ర, మాత్ర వేసుకున్నాడా, ఆ రోజు ఏం జరిగింది. మనసు సంగతి రాయనక్కర లేదు. 'ఏం జరిగింది' అన్నచోట 'యజమానితో లెక్క తేడా' అనో, 'అబ్బా నలభయ్యోరోజు ఫాతిహా' అనో రాస్తే చాలు. నెల తిరిగాక చూస్తే ఆయన నోట రాని మాట కాగితం మీద కనబడుతుంది.

దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది, అది ప్రాణానికి సంబంధించినది. డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగితే ఇలాంటివారు "బాగానే ఉంది" అంటారు. లోపలి సంకేతాలు పోల్చుకోలేనివారు నొప్పినీ నీరసాన్నీ కూడా తక్కువ చేసి చెప్పవచ్చు. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో కొలైటిస్ తీవ్రతకు ఒక కొలత ఇచ్చారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటితోపాటు జ్వరమో, నాడి 90 దాటి కొట్టుకోవడమో, రక్తం బాగా తగ్గిపోవడమో ఉంటే అది ఆసుపత్రిలో చేరవలసిన స్థితి. "బాగానే ఉంది" అని ఆయన అన్నా సరే, లెక్క ఆరుకు చేరితే బయలుదేరవలసిందే. ఈ నిర్ణయం ఇల్లాలి చేతిలో ఉండాలి. కొత్తగూడెంలో 2022 నుంచి, ఖమ్మంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి.

దిగులు రోగం కూడా ఈ జబ్బున్నవారిలో ఎక్కువ. దిగులని చెప్పలేనివాడు దిగులని చెప్పడు. నిద్ర పోవడం లేదా, పిల్లలతో మాట మానేశాడా, ఇక తనతో ఎవరికీ పని లేదని అంటున్నాడా అని ఇంటివారే చూడాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. రోగే చెయ్యాలనేమీ లేదు, భార్య చేసినా వింటారు.

మసీదు సంగతికొస్తే, కాలకృత్యాన్ని ఆపుకుని నమాజు చేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు. కనుక వరుస విడిచి బయటికి వెళ్లినవాడు చేసింది తప్పు కాదు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ చదివేంత వ్యవధి కూడా దొరకనంత ఎడతెగని బాధ ఉన్నవారిని హనఫీ ఫిఖ్‌హ్‌లో మఅజూర్ అంటారు. అలాంటివారు ఒక్కో నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే, ఆ బాధ వల్ల ఆ వేళ ముగిసేదాకా అది భంగం కాదు. తన స్థితి ఆ హద్దులోకి వస్తుందో రాదో ఆయన ఇమాం సాహెబును ఒంటరిగా కలిసి అడగాలి. సిగ్గుపడితే ఆయన తరఫున సోదరుడైనా అడగవచ్చు.

ఇక రంజాన్. అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలో రోగికి రోజా మినహాయింపు స్పష్టంగా ఉంది. కోలుకున్నాక వేరే రోజుల్లో పూర్తిచేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి ఒక్కో రోజాకు ఒక పేదవాని భోజనం ఫిద్యాగా ఇస్తాడు. జబ్బు అణిగి ఉన్నవారిలో కొందరు డాక్టరు అనుమతితో రోజాలు ఉంటారు, రేగి ఉన్నవారు ఉండకూడదు. ఏది ఏ స్థితి అన్నది "నాకు బాగానే ఉంది" అనే మనిషి మాట మీద తేల్చేది కాదు. మాత్రల వేళలను సహరీకీ ఇఫ్తార్‌కూ మార్చవచ్చా అన్నది కూడా డాక్టరే చెప్పాలి. నెలవంక కనబడ్డాక పరుగెత్తడం కంటే షాబాన్‌లోనే వెళ్లి అడిగి రావడం మేలు. వెళ్లేటప్పుడు నోటుబుక్కు వెంట ఉండాలి. పక్కన ఇల్లాలు కూడా ఉండాలి.